ఒక్కో పండు ఒక్కో ఊరు: ఆరుబయటి నులిపురుగుల జన్యు వైవిధ్యాన్ని, జతకట్టే తీరును ఎలా కనుక్కోవాలి

మొదటి సీజన్‌లో నేను పన్నెండు కుళ్లిన పండ్లు ఏరి, అన్నింటినీ ఒకే సంచిలో వేసుకుని ల్యాబ్‌కి తెచ్చాను. పురుగులు కుప్పలుగా దొరికాయి. వాటి నుంచి నలభైకి పైగా వంశాలు కట్టి, నెలల తరబడి పెంచి, డీఎన్‌ఏ పరీక్షలు చేశాను. ఈ పురుగులు ఆరుబయట ఎంత తరచుగా మగవాటితో జతకడతాయి, ఎంతవరకు తమంతట తామే పిల్లల్ని కంటాయి అన్నది నా ప్రశ్న. ఫలితాలు బల్ల మీద పరిచాక మా సీనియర్ అక్క రెండే మాటలు అడిగింది. "ఈ పురుగు ఏ పండులోది? దీని తల్లి డీఎన్‌ఏ ఎక్కడుంది?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఆ సీజన్ పని మొత్తం వృథా అయింది.

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు చేతిలో ఉండేలా పని ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఒక సాధారణ మైక్రోస్కోప్, పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు లక్షల ప్రతులు తీసే పద్ధతి) చేసుకునే సౌకర్యం, ఓపిక ఉంటే చాలు. ఓపికే ఎక్కువ కావాలి.

ముందు వీటి సంసారం సంగతి

నేను ప్రధానంగా చెప్పేది సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ గురించి. పొడవు ఒక మిల్లీమీటరు. ఒళ్లంతా పారదర్శకం. దీనిలో ఆడ పురుగు విడిగా ఉండదు. ఉన్నవి రెండు రకాలు: ఉభయలింగులు, మగవి. ఉభయలింగికి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. మగదానికి ఒక్కటే ఎక్స్, వై అసలు లేదు. ఉభయలింగి ఎదిగే దశలో ముందు సుమారు 300 శుక్రకణాలు తయారు చేసి దాచుకుంటుంది. ఆ తర్వాత అండాల తయారీకి మారిపోతుంది, మళ్లీ వెనక్కి మారదు. అందుకే ఒంటరిగా ఉన్నది సుమారు 300 మంది పిల్లలతో ఆగిపోతుంది. శుక్రకణాలు అయిపోయినా అండాలు మిగులుతాయి. మగది దొరికితే అదే పురుగు వెయ్యి దాకా కూడా కనగలదు.

రెండు ఉభయలింగులు ఒకదానితో ఒకటి జతకట్టలేవు. కొత్త జన్యువులు లోపలికి రావాలంటే మగది ఉండి తీరాలి. మగవి మాత్రం చాలా అరుదు. స్వయంగా కనే పిల్లల్లో ఎక్స్ క్రోమోజోము పొరపాటున జారిపోయినప్పుడే మగది పుడుతుంది. ల్యాబ్‌లో అందరూ వాడే ఎన్2 వంశంలో అది వెయ్యికి ఒకటి రెండు. కానీ మగదానితో జతకడితే, ఆ జత వల్ల పుట్టిన పిల్లల్లో సగం మగవే. ఈ 'సగం' అన్న మాట గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పని ఉంది.

సీనోరాబ్డైటిస్ అనే ఈ ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, ఇలా స్వయంగా కనే జాతులు మూడే తెలుసు: ఎలిగాన్స్, బ్రిగ్సే, ట్రోపికాలిస్. రెమనై, బ్రెన్నెరి వంటి మిగతా వాటిలో ఆడ, మగ విడివిడిగా ఉంటాయి. తేడా జన్యువుల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బ్రెన్నెరిలో ప్రోటీన్‌ని మార్చని స్థానాలు తీసుకుని ఏ రెండు ప్రతులను పోల్చినా సగటున నూటికి దాదాపు 14 చోట్ల డీఎన్‌ఏ అక్షరం వేరుగా ఉంటుంది. జంతువుల్లో ఇంత వైవిధ్యం చాలా అరుదు. ఎలిగాన్స్‌లో అదే లెక్క నూటికి ఒకటికన్నా బాగా తక్కువ. బయటికి ఒకేలా కనిపించే దగ్గరి చుట్టాలు ఇవి. ఇంత దూరం రావడానికి పెద్ద కారణం జతకట్టే తీరే.

ఎక్కడ వెతకాలి

పాఠ్యపుస్తకాల్లో దీన్ని 'నేల పురుగు' అంటారు. ఆ మాట నమ్మి నేను రెండు వారాలు మట్టి జల్లించాను. మట్టిలో దొరికితే తరచుగా డావర్ అనే నిద్రావస్థ లార్వాగానే దొరుకుతుంది. తినడం, పెరగడం, కనడం అంతా కుళ్లుతున్న పండ్లలో, మెత్తబడిన కాండాల్లో, పుట్టగొడుగుల్లో, కంపోస్టులో జరుగుతుంది. అక్కడి బ్యాక్టీరియానే దాని ఆహారం. ఎన్2 కూడా 1951లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ దగ్గర పుట్టగొడుగుల కంపోస్టులో దొరికినదే. వైవిధ్యం గురించి పని చేసేవాళ్లందరికీ తెలిసిన సీబీ4856 వంశం 1972లో హవాయిలోని మావీ దీవిలో పైనాపిల్ పొలంలో దొరికింది. బ్రిగ్సేలో ప్రామాణికంగా వాడే ఏఎఫ్16 వంశం మన అహ్మదాబాద్‌ది.

గట్టిగా ఉన్న పండు వద్దు, ఎండి అట్టలా అయినదీ వద్దు. వేలితో నొక్కితే జారిపోయేంత మెత్తగా, నేలను తాకుతూ, గోధుమ రంగుకి తిరిగినది తీసుకోండి. పక్కనే నత్తలు, స్లగ్‌లు, చెక్క పురుగుల వంటివి తిరుగుతుంటే ఇంకా మంచిది. డావర్ లార్వాలు వాటి ఒంటి మీద ఎక్కి ఒక పండు నుంచి మరో పండుకు పోతాయి. తేమ తగ్గని రోజులు, మరీ వేడి లేని రోజులు అనుకూలం. ఎలిగాన్స్ చల్లటి చోట్లను ఇష్టపడుతుంది. వేడి ప్రాంతాల్లో బ్రిగ్సే, ట్రోపికాలిస్ ఎక్కువగా కనిపిస్తాయి.

ఒక పండులో జరిగేది ఇది. దారి తప్పి వచ్చిన కొద్ది డావర్ లార్వాలు అక్కడ దిగుతాయి. తిండి చూసి మేలుకుంటాయి. రెండు మూడు తరాల్లోనే వేలకు, కొన్నిసార్లు పది వేలకు పైగా పెరుగుతాయి. తిండి అయిపోగానే పిల్లలు డావర్‌లుగా మారి వెళ్లిపోతాయి. అంటే మీ చేతిలోని పండు ఒక ఊరు లాంటిది. ఊరందరూ ఆ కొద్దిమంది సంతానమే. పక్క పండు మూడు అడుగుల దూరంలో ఉన్నా అది వేరే ఊరు. దాని మూలపురుషులు వేరే అయి ఉండవచ్చు.

అందుకే ఒక పండుకి ఒక సంచి, ఒక నంబరు. కుళ్లిన కాండం అయితే ఒక కాండానికి ఒకటి. తీసేటప్పుడు చెంచాను ప్రతిసారీ తుడిచి స్పిరిట్‌తో కడగండి. నేను ప్రతి సంచి మీద తేదీ, నంబరు రాసి, ఫోన్‌లో లొకేషన్‌తో పాటు ఫొటో తీస్తాను. నోట్‌బుక్‌లో పక్క నమూనా ఎన్ని అడుగుల దూరంలో ఉందో, ఉష్ణోగ్రత ఎంతో, ఏ పండో, ఎంత కుళ్లిందో రాసుకుంటాను. సంచి మూతి పూర్తిగా బిగించకూడదు. గాలి ఆడకపోతే ఒక్క రాత్రిలో లోపల చచ్చిపోతాయి. ఎండలో కారులో వదిలేయడం అంతకన్నా ప్రమాదం. తోట ఎవరిదైతే వారి అనుమతి తీసుకోండి. పురుగులను దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు ముందే చూసుకోండి.

రెండు పండ్ల నుంచి 80 పురుగుల చొప్పున తీయడం కన్నా ఇరవై పండ్ల నుంచి 8 చొప్పున తీయడం మేలు. ఒకే పండులో ఎక్కువ తీసేకొద్దీ ఆ కొద్దిమంది పూర్వీకుల జన్యువులనే మళ్లీ మళ్లీ చదువుతున్నట్టు.

ప్లేట్ల మీదకు దించడం

ప్లేట్ మామూలు ఎన్‌జీఎం, అంటే నులిపురుగులను పెంచే అగార్ మాధ్యమం. లీటరు నీటికి ఉప్పు 3 గ్రాములు, పెప్టోన్ 2.5 గ్రాములు, అగార్ 17 గ్రాములు. ఆటోక్లేవ్ చేసి కాస్త చల్లారాక కొలెస్టరాల్ (మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న ద్రావణం) 1 మి.లీ., ఒక మోలార్ కాల్షియం క్లోరైడ్ 1 మి.లీ., ఒక మోలార్ మెగ్నీషియం సల్ఫేట్ 1 మి.లీ., పీహెచ్ 6 ఉన్న ఒక మోలార్ పొటాషియం ఫాస్ఫేట్ 25 మి.లీ. కలపాలి. అడవి వంశాలు అగార్‌లోకి తవ్వుకుని దాక్కుంటాయి. దానికి విరుగుడుగా నేను అగార్‌ను లీటరుకి 10 గ్రాములకు తగ్గించి 7 గ్రాముల అగరోజ్ కలుపుతాను. అప్పుడు పైనే ఉంటాయి. ప్లేట్ మధ్యలో ఓపీ50 ఈ. కోలై చుక్క వేసి ఒక రాత్రి పెరగనివ్వండి.

కుళ్లిన పండు ముక్కలను ఆ బ్యాక్టీరియా చుట్టూ గుండ్రంగా, దాన్ని తాకకుండా పెట్టండి. పైన రెండు మూడు చుక్కల నీళ్లు చిలకరించండి. మెలకువగా ఉన్న పురుగులు నిమిషాల్లో బయటికి రావడం మొదలుపెడతాయి, కొన్ని గంటల్లో మధ్యకు చేరతాయి. మొదటి పరిశీలన గంటలోపే, రెండోది అదే రోజు సాయంత్రం, మూడోది మర్నాడు. డావర్‌లు మేలుకుని తినడం మొదలుపెట్టడానికి ఆ వ్యవధి అవసరం.

ఆ తర్వాత ఆగకూడదు. 20 డిగ్రీల దగ్గర ఈ పురుగుకి తరం సుమారు మూడున్నర రోజులు. నాలుగో రోజున మీరు ఆ ప్లేట్ మీద ఏరేవి ప్లేట్ మీదే పుట్టినవి కావచ్చు. వాటి తల్లిదండ్రులు జతకట్టింది పండులోనా, మీ ప్లేట్ మీదా అని ఇక ఎవరూ చెప్పలేరు. మొదటి ఏడాది నేను 'వారాంతం అయ్యాక చూద్దాం' అనుకున్న ప్లేట్లు చాలా ఉన్నాయి. ఇప్పుడు సోమవారం, మంగళవారం మాత్రమే నమూనాలకు వెళ్తాను.

ప్లేట్ మీదికి రకరకాల నులిపురుగులు వస్తాయి. మనకు కావలసిన సీనోరాబ్డైటిస్‌లను 50 రెట్లు పెంచి చూస్తే గుర్తుపట్టవచ్చు: గొంతులో రెండు గడ్డలు, వెనక గడ్డలో నమిలే పళ్లెం లాంటి నిర్మాణం, జననరంధ్రం శరీరం మధ్యలో, పేగు గోధుమ రంగులో, తోక సన్నగా పొడుగ్గా. మగది సన్నగా ఉంటుంది, తోక చివర విసనకర్ర లాంటి అంచు ఉంటుంది. ఒక్కసారి చూస్తే మళ్లీ మరిచిపోరు. ఆస్కియస్, ప్రిస్టియాంకస్ వంటివి కూడా తరచుగా వస్తాయి. వాటిలోనూ స్వయంగా కనే జాతులు ఉన్నాయి, అదే పద్ధతి వాటికీ పనికొస్తుంది. మెసోరాబ్డైటిస్ బెలారి లాంటిది ఎదురైతే మాత్రం జాగ్రత్త. దాని ఆడవాటికి మగదాని శుక్రకణం అండాన్ని మేల్కొల్పడానికి కావాలి, కానీ ఆడపిల్లల్లో తండ్రి డీఎన్‌ఏ కలవదు. ఔనేమాలో ఆడ, మగ, ఉభయలింగి మూడూ ఉంటాయి. కింద చెప్పే లెక్కలు అలాంటి వాటికి సరిపోవు.

ఇంకో మాట. అడవి పురుగులు గుంపులుగా చేరి బ్యాక్టీరియా అంచున ముద్దలా ఉంటాయి. ఎన్2కి అలవాటు పడ్డవాళ్లకు ఇది జబ్బులా కనిపిస్తుంది. నిజానికి విడివిడిగా తిరగడమే ఎన్2కి ల్యాబ్‌లో వచ్చిన మార్పు. ఎన్‌పీఆర్-1 జన్యువులో ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల అలా అయింది. టెన్షన్ పడి ఆ ప్లేట్లు పారేయకండి.

తల్లిని విడిగా పెట్టడం

పని అంతా ఇక్కడే ఉంది.

అడవి పురుగు నుంచి వంశం కట్టి పెంచితే, స్వయంగా కనే ప్రతి తరంలో విషమయుగ్మజ స్థానాలు సగం అయిపోతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి మరొకటిగా వచ్చిన రెండు వేర్వేరు రూపాలు ఒకే పురుగులో కలిసి ఉండటమే విషమయుగ్మజం. మగదానితో జతకట్టి కనడానికి, అంటే పరసంపర్కానికి, మిగిలే సాక్ష్యం అదే. ఐదు తరాలకు 32లో ఒక వంతు, పది తరాలకు 1024లో ఒక వంతు మిగులుతుంది. తిండి మారుస్తూ ఒక నెల పెంచారంటే ఎనిమిది తరాలు. నేను మొదటి సీజన్‌లో డీఎన్‌ఏ తీసింది అలా పెరిగిన వంశాల నుంచే. అవన్నీ అచ్చంగా సమయుగ్మజాలుగా, అంటే రెండు ప్రతులూ ఒకే రూపంలో ఉన్నవిగా, కనిపించాయి, అవి అలా కనిపించక తప్పదు.

కాబట్టి పండులోంచి వచ్చిన పురుగు డీఎన్‌ఏనే కావాలి. దాని పిల్లలూ కావాలి. రెండూ దక్కడానికి నేను చేసేది ఇది.

ప్లాటినం తీగతో ఒక పెద్ద ఉభయలింగిని ఎత్తి, ముందు బ్యాక్టీరియా లేని శుభ్రమైన ప్లేట్ మీద పది నిమిషాలు పాకనిస్తాను. ఒంటికి అంటిన బూజు, వేరే సూక్ష్మజీవులు చాలావరకు రాలిపోతాయి. తర్వాత చిన్న ప్లేట్ మీద ఒంటరిగా వదులుతాను. ప్లేట్ నంబరులో పండు నంబరు, పురుగు నంబరు రెండూ ఉంటాయి: 7-3 అంటే ఏడో పండు, మూడో పురుగు. మా అక్క దీన్ని ఇంటిపేరు అంటుంది. అది రాయకుండా ఏ పురుగునూ కదపనివ్వదు.

అది గుడ్లు పెడుతుంది. రోజుకోసారి కొత్త ప్లేట్‌కి మారుస్తాను. గుడ్లు పెట్టడం దాదాపు ఆగిపోయాకే దాన్ని లైసిస్ ట్యూబులో, అంటే డీఎన్‌ఏ కోసం పురుగును కరిగించే ట్యూబులో, వేస్తాను. ఈ ఆలస్యానికి కారణం ఉంది. కడుపులో గుడ్లున్న తల్లిని నలిపితే పిండాల డీఎన్‌ఏ కూడా కలుస్తుంది. అది మగదానితో జతకట్టి ఉంటే ఆ పిండాల్లో తండ్రి జన్యువులు ఉంటాయి. అప్పుడు తల్లి సమయుగ్మజమే అయినా పరీక్షలో విషమయుగ్మజంలా కనిపిస్తుంది. ఈ సంగతి తెలియక ముందు నేను మూడు పురుగులను తప్పుగా లెక్కించాను. ముసలిదయ్యే వరకు ఆగే సరికి కొన్ని ప్లేట్ అంచు ఎక్కి ఎండిపోతాయి. ఆ నష్టం భరించవచ్చు.

లైసిస్ మామూలే. ప్రోటినేజ్-కె కలిపిన ద్రావణం 10 మైక్రోలీటర్లలో ఒక పురుగు, మైనస్ 80లో పావుగంట గడ్డకట్టించాలి. తర్వాత 60-65 డిగ్రీల్లో గంట, చివర 95 డిగ్రీల్లో 15 నిమిషాలు.

ఇక పిల్లల ప్లేట్. అవి పెద్దవయ్యాక మగవాటిని లెక్కపెట్టండి. మగవి ఒక్కటీ లేకపోతే, లేదా వందల్లో ఒకటే ఉంటే, తల్లి మగదాన్ని కలవలేదని అనుకోవచ్చు. దాదాపు సగం మగవే అయితే పండులోనే దానికి మగదానితో జత కుదిరింది. మగదాని శుక్రకణాలు పెద్దవి, తల్లి సొంత శుక్రకణాలను పక్కకు నెట్టి ముందు అవే అండాలను చేరతాయి. అందుకే మొదటి రెండు రోజుల గుడ్లను విడిగా లెక్కించడం మంచిది. కొన్ని వంశాల్లో మగది జననరంధ్రం మీద జిగురు లాంటి బిరడా వదులుతుంది. ఏరేటప్పుడు అది కనిపిస్తే నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆ పురుగు జతకట్టిందని చెప్పే సాక్ష్యం అది. ఎన్2లో ఆ జన్యువు చెడిపోయింది కాబట్టి ల్యాబ్ పురుగుల్లో చూసి ఉండరు. బిరడా లేనంత మాత్రాన జతకట్టలేదని మాత్రం అనుకోవద్దు.

పండులోంచి నేరుగా వచ్చిన మగవాటిని కూడా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, డీఎన్‌ఏకి ఉంచుకోండి.

జాతి గుర్తించడం ఈ పిల్లలతోనే చేయవచ్చు. కచ్చితంగా పిల్ల దశలో ఉన్న ఒక్కదాన్ని, అంటే జననరంధ్రం ఇంకా విచ్చుకోని నాలుగో లార్వా దశలో, ఒంటరిగా పెట్టండి. పెద్దయ్యాక పిల్లల్ని కంటే అది స్వయంగా కనే జాతి. కనకపోతే ఆడ-మగ జాతి కావచ్చు. పెద్ద పురుగుతో ఈ పరీక్ష చేయకూడదు, అది పండులోనే జతకట్టి వచ్చి ఉండవచ్చు. తర్వాత ఐటీఎస్2 అనే, జాతిని బట్టి మారే డీఎన్‌ఏ భాగాన్ని పీసీఆర్ చేసి అక్షరక్రమం చదివితే జాతి పేరు తేలుతుంది. ఇంకా అనుమానం ఉంటే తెలిసిన ఎలిగాన్స్ మగవాటితో జతకట్టించండి. పిల్లల్లో సగం మగవి వచ్చి, ఆ పిల్లలు మళ్లీ కంటే అదే జాతి.

లెక్క

గుర్తులుగా మైక్రోశాటిలైట్‌లు (చిన్న డీఎన్‌ఏ ముక్క వరసగా మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు) వాడవచ్చు, పూర్తి జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, చదవవచ్చు. క్రోమోజోముకు రెండు మూడు చొప్పున, బాగా మారే గుర్తులు పదిహేను ఉంటే ఒక పురుగుకి సంబంధించి మంచి చిత్రం వస్తుంది.

ప్రతి గుర్తుకీ రెండు అంకెలు తీయండి. ఒకటి, నిజంగా ఎన్ని పురుగులు విషమయుగ్మజాలో ఆ నిష్పత్తి. రెండోది, అందరూ అందరితో యాదృచ్ఛికంగా జతకడితే ఎంత ఉండాలో ఆ నిష్పత్తి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి ఒకటి నుంచి తీసేస్తే వచ్చేది ఎఫ్. ఇక పరసంపర్కం రేటు: ఒకటిలోంచి ఎఫ్ తీసేయండి, దాన్ని ఒకటి కలిపిన ఎఫ్‌తో భాగించండి. ఉదాహరణకు ఉండాల్సింది 0.5, కనిపించింది 0.02 అనుకుందాం. ఎఫ్ 0.96 అవుతుంది. 0.04ను 1.96తో భాగిస్తే సుమారు 0.02. అంటే నూటికి రెండు పురుగులు పరసంపర్కం వల్ల పుట్టినవి. ఈ సూత్రం తరాల తరబడి తీరు మారకుండా ఉన్నప్పుడే కచ్చితం. పండులో గుంపు వచ్చి పోతూ ఉంటుంది కాబట్టి దీన్ని ఒక అంచనాగానే తీసుకోండి.

ఇప్పుడు నా పన్నెండు పండ్ల సంచి సంగతి. ఒక పండులో అందరికీ ఒక రూపమే ఉంది అనుకోండి, పక్క పండులో అందరికీ ఇంకో రూపం. రెండూ సమానంగా కలిపి లెక్కిస్తే ఉండాల్సింది 0.5, కనిపించేది సున్నా. ఎఫ్ ఒకటి. 'ఈ పురుగులు ఎప్పుడూ జతకట్టవు' అని కాగితం చెబుతుంది. కానీ ఒక్కో పండులో అందరూ ఒకేలా ఉన్నప్పుడు, వాళ్లలో వాళ్లు రోజూ జతకట్టినా జన్యువుల్లో జాడ ఉండదు. ఆ పండ్లు జతకట్టడం గురించి ఏమీ చెప్పలేవు, అంతే. ఆడ-మగ జాతిలో కూడా ఇలా కలిపేస్తే ఇదే భ్రమ వస్తుంది. అందువల్ల ముందు పండు వారీగా లెక్కించండి. లోపల వైవిధ్యం ఉన్న పండ్లనే పరసంపర్కం లెక్కకు తీసుకోండి. పండ్ల మధ్య తేడాను విడిగా చూపించండి.

పిల్లల్లో మగవాటి లెక్క, తల్లి విషమయుగ్మజమా కాదా అన్న లెక్క ఒకటి కాదని కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. సగం మగపిల్లలు ఉంటే జత జరిగింది నిజం. ఆ మగది సొంత తోబుట్టువే అయితే వైవిధ్యం ఏమీ పెరగదు. ఒక సీజన్‌లో నా నాలుగో పండులో ఎనిమిదిలో మూడు తల్లులకు సగం మగపిల్లలు పుట్టారు. గుర్తులు చూస్తే పండు మొత్తం ఒకే జన్యురూపం. అప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టుకోకపోతే ఆ పండులో ఏం జరిగిందో ఎప్పటికీ తెలిసేది కాదు.

ఏ తల్లి విషమయుగ్మజంగా కనిపించినా నమ్మేముందు దాని పిల్లల్లో ఎనిమిదింటిని పరీక్షించండి. నిజంగా విషమయుగ్మజమై స్వయంగా కని ఉంటే పిల్లల్లో మూడు రకాలూ ఒకటి, రెండు, ఒకటి నిష్పత్తికి దగ్గరగా రావాలి. ఎనిమిదీ విషమయుగ్మజాలే వచ్చే అవకాశం 256లో ఒకటి. అలా వచ్చిందంటే తల్లి సమయుగ్మజం, పిల్లల తండ్రి వేరు అని అనుమానించాలి.

పూర్తి జీనోమ్ చదివేవాళ్లకు ఒక హెచ్చరిక. ఎలిగాన్స్ జీనోమ్‌లో కొన్ని ప్రాంతాలు వంశానికీ వంశానికీ విపరీతంగా వేరుగా ఉంటాయి. 2021లో వీటిని వివరంగా బయటపెట్టారు. ఎన్2 ప్రామాణిక జీనోమ్ మీద అడవి పురుగు డీఎన్‌ఏ ముక్కలను అతికిస్తే అక్కడ తప్పుడు విషమయుగ్మజాలు పుట్టుకొస్తాయి. ఆ ప్రాంతాలను ముందే పక్కన పెట్టండి.

నిన్నటి జత, వేల తరాల జత

తల్లి విషమయుగ్మజం చెప్పేది మొన్న, నిన్న జరిగినదాని గురించి. గుర్తులు ఒకదానితో ఒకటి ఎంత దూరం అంటుకుని ఉన్నాయో చూస్తే పాత కథ తెలుస్తుంది. పరసంపర్కం తరచుగా జరిగి ఉంటే క్రోమోజోము ముక్కలై కలగలిసిపోవాలి. ఎలిగాన్స్‌లో చాలా పొడవైన ముక్కలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఈ రెండో పద్ధతి ఇచ్చే రేటు మొదటిదాని కన్నా బాగా తక్కువగా వస్తుంటుంది.

ఈ తేడా చూసి లెక్క తప్పిందేమో అని చాలామంది కంగారు పడతారు. నేనూ రెండుసార్లు మొదటి నుంచి చేశాను. ఒక వివరణ బలంగా కనిపిస్తుంది: దూరపు వంశాలు కలిసినప్పుడు పుట్టే సంతానం అంత బాగా నిలబడదు. ఎన్2 వంటి వంశాల్లో ఉండి, సీబీ4856 వంటి వాటిలో లేని పీల్-1, జీల్-1 అనే జంట జన్యువులు ఉన్నాయి. పీల్-1 విషాన్ని తండ్రి శుక్రకణంలో పెట్టి పంపుతుంది, జీల్-1 దానికి విరుగుడు. రెండో తరంలో విరుగుడు దక్కని పావు వంతు పిండాలు చచ్చిపోతాయి. కలిసే జతలు ఉన్నా, కలయిక ఫలాలు తరాల పాటు మిగలవు.

చోటును బట్టి కూడా ఫలితం మారుతుంది. 2005లో ఫ్రాన్స్‌లోని నమూనాల మీద మారీ-ఆన్ ఫెలిక్స్, ఆంటోయిన్ బారియేర్ చేసిన పనిలో పరసంపర్కం చాలా తక్కువగా, నూటికి ఒకటి ప్రాంతంలో తేలింది. చిన్న చోటులోనే వైవిధ్యం మాత్రం బాగానే కనిపించింది. అదే ఏడాది కాలిఫోర్నియా నమూనాలతో చేసిన మరో పనిలో అంతకన్నా చాలా ఎక్కువ రేటు వచ్చింది. 2012లో ప్రపంచవ్యాప్తంగా సేకరించిన 200 వంశాలను పోల్చితే వాటిలో వేర్వేరు జన్యురూపాలు 97 మాత్రమే. కొన్ని క్రోమోజోముల్లో ఒకే రకం పొడవాటి ముక్క ఖండాలన్నింటా పాకిపోయి ఉంది. హవాయిలో లోతుగా వెతికితే మిగతా ప్రపంచంలో లేని పాత వైవిధ్యం దొరికింది. ఒక తోట ఫలితం పట్టుకుని జాతి మొత్తానికి తీర్పు చెప్పకూడదని నేను గట్టిగా అనేది ఇందుకే. మీ నివేదికలో ఎక్కడ, ఏ నెల, ఏ పండు అన్నది మొదటి పేరాలోనే ఉండాలి.

దాచడం

పిల్లల ప్లేట్ తిండి అయిపోయి, మొదటి దశ లార్వాలు నిండుగా ఉన్నప్పుడు గడ్డకట్టించండి. ఆ దశే చలిని బాగా తట్టుకుంటుంది. చివరకు గ్లిసరాల్ 15 శాతం ఉండేలా కలిపి, మైనస్ 80కి నెమ్మదిగా దించాలి. ఒక ట్యూబును మర్నాడే కరిగించి బతికాయో లేదో చూడండి. వీలైతే సగం ట్యూబులు ద్రవ నైట్రోజన్‌లో, వేరే గదిలో ఉంచండి.

తల్లి లైసిస్ ట్యూబు, పిల్లల ఫ్రీజర్ ట్యూబు, పండు ఫొటో, మూడింటికీ ఒకే నంబరు. నా ఫ్రీజర్‌లో మొదటి సీజన్ వంశాలు కూడా ఒక పెట్టెలో ఉన్నాయి. వాటి మీద తేదీ ఒక్కటే ఉంది. పారేయలేదు, జీనోమ్ వైవిధ్యానికి పనికొస్తాయి. వాటి పక్క పెట్టెలో నిరుటి 7-3 ఉంది. ఏడో పండులో ఇద్దరు పూర్వీకుల జన్యువులు కలిసిన తల్లి అది. దాని పిల్లల్లో ఎనిమిదింటిని పరీక్షిస్తే రెండు ఒక రకం, నాలుగు మిశ్రమం, రెండు ఇంకో రకం వచ్చాయి. ఈ సీజన్ వానలు తగ్గగానే ఏడో పండు దొరికిన చెట్టు కిందకే మొదట వెళ్తాను.